ఏ రైఫిల్ మంచిదని అడిగే ముందు తూటాను తూకం వేయండి

ఒడిశాలోని రాయగడలో మా ఇంటి వెనక మైదానానికి పొద్దున్న ఐదింటికల్లా ఇరవై మంది దాకా కుర్రాళ్లు వస్తారు. సగం మంది తెలుగు ఇళ్ల పిల్లలు, మిగతా సగం ఒడియా వాళ్లు, కొండ మీది ఊళ్ల నుంచి వచ్చి గదులు తీసుకుని ఉంటున్న కువి పిల్లలు. ఒకడు అగ్నివీర్ అంటాడు, ఒకడు సీఆర్‌పీఎఫ్ అంటాడు, ఒకడికి బీఎస్‌ఎఫ్ తప్ప ఇంకేదీ వద్దు. నేను పదిహేడేళ్లు ఒక కేంద్ర బలగంలో పనిచేసి ఇంటికి చేరినవాణ్ని కాబట్టి పరుగు అయిపోగానే వచ్చి నా చుట్టూ కూర్చుంటారు, కూర్చున్నాక అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే. "బాబాయ్, ఏకే గొప్పదా, ఎం4 గొప్పదా? ఇన్సాస్ పనికిరాదంట కదా? ఎస్‌ఎల్‌ఆర్ అయితే ఒక్క గుండు తగిలితే చాలంట కదా?"

ఒక్క ముక్కలో చెప్పమంటారు. ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో ఏం చెప్పినా తప్పే అవుతుంది, అందుకే వాళ్లకి కూర్చోబెట్టి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఫోన్ ఆటల్లో చూసి తుపాకుల పేర్లు బట్టీ పట్టిన పిల్లలకీ, పిల్లల్ని బలగాలకి పంపుతున్న పెద్దవాళ్లకీ ఇది ఉపయోగపడాలని నా కోరిక. జవాను తన తుపాకీని తాను ఎంచుకోడు, నిజమే, కోత్‌లోంచి, అంటే ఆయుధాలు దాచే గదిలోంచి, ఏది చేతికిస్తే అదే పట్టుకుంటాడు. కానీ అది ఎందుకిచ్చారో, దానితో ఏం అవుతుందో, ఏం కాదో తెలిసినవాడు దాన్ని వాడే తీరే వేరుగా ఉంటుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. రైఫిళ్లను పేర్లతో పోల్చకండి. పని ఎంత దూరంలో పడుతుందో చూడండి, ఆ దూరానికి ఏ తూటా సరిపోతుందో చూడండి, ఆ తూటాలు ఎన్ని మోయగలరో, అయిపోతే మళ్లీ ఎక్కడి నుంచి వస్తాయో చూడండి. ఇవి తేలాయంటే రైఫిల్ దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

ఇది మాటలతో చెబితే మా పిల్లలకి ఎక్కలేదు, బియ్యంతో చెప్పాల్సి వచ్చింది. ఇన్సాస్, ఎం4 లాంటివి వాడే 5.56 తూటా ఒకటి సుమారు 12 గ్రాములు ఉంటుంది. ఏకే తూటా, అంటే 7.62×39, పదహారు పదిహేడు గ్రాములు. ఒకప్పుడు ఎస్‌ఎల్‌ఆర్‌లో, ఇప్పుడు సిగ్ 716లో వాడే 7.62×51 తూటా 24 గ్రాముల దాకా తూగుతుంది. ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుంటే తేడా ఏం తెలుస్తుంది? రెండేసి వందలు లెక్కేస్తే మాత్రం మొదటిది 2.4 కిలోలు, రెండోది 3.3, మూడోది 4.8. కిరాణా కొట్టు కాటా మీద సరిగ్గా అంతంత బియ్యం మూడు సంచుల్లో తూయించి, ముగ్గురు కుర్రాళ్ల నడుముకి తువ్వాళ్లతో బిగించి కట్టి, ఎదురుగా ఉన్న కొండ సగం దాకా ఎక్కి దిగి రమ్మన్నాను. బరువైన సంచి మా అందరిలోకీ బాగా పరిగెత్తే గుణుపురం కుర్రాడికి కట్టాను, తేలికది బిస్సంకటక్ నుంచి వచ్చిన, రోజూ అందరికంటే వెనకబడే పిల్లవాడికి. దిగేటప్పుడు బిస్సంకటక్ పిల్లవాడే ముందొచ్చాడు. గుణుపురం కుర్రాడు వచ్చి, సంచి విప్పక ముందే నేల మీద కూలబడి, తువ్వాలు ఒరుసుకున్న చోట ఎర్రగా కందిన నడుము చూపించి "ఇది రోజంతా మోయాలా బాబాయ్" అన్నాడు. రోజంతా కాదురా, నాలుగు రోజులు, దీనితో పాటు రైఫిల్, నీళ్లు, తిండి, టార్పాలిన్, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ కూడా.

ఇంకో గందరగోళం ఇక్కడే తీర్చేస్తాను. ఏకే కూడా 7.62, ఎస్‌ఎల్‌ఆర్ కూడా 7.62, మరి రెండూ ఒకటే కదా అంటారు. 7.62 అనేది గుండు లావు, మిల్లీమీటర్లలో. పక్కన వచ్చే 39, 51 అనేవి ఇత్తడి గొట్టం పొడవు, అంటే లోపల మందు ఎంత పడుతుందో చెప్పే అంకె. ఏకే గుండు ఎనిమిది గ్రాములు ఉండి సెకనుకి 715 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. 51 తూటా గుండు తొమ్మిదిన్నర గ్రాములు, వేగం 840 దాకా. 5.56 గుండు నాలుగే గ్రాములు, కానీ 900 దాటి పరిగెడుతుంది, అందుకే మూడు వందల మీటర్ల దాకా దాదాపు తిన్నగా పోయినట్టు ఉంటుంది. ఏకే గుండు అదే దూరంలో బాగా కిందికి వంగుతుంది, దూరం అంచనా తప్పితే గురి తప్పుతుంది. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పట్టదు, ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ పనికొస్తుంది.

అసలు అస్సాల్ట్ రైఫిల్ అనే జాతే ఈ తూకం గొడవలోంచి పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి సిపాయి చేతిలో ఉన్న రైఫిళ్లు కిలోమీటరు దూరం కొట్టేంత పెద్ద తూటాతో ఉండేవి, కాల్పులు మాత్రం ఎక్కువగా మూడు వందల మీటర్ల లోపే జరిగేవి. ఇంకోవైపు సబ్‌మెషిన్‌గన్లు పిస్తోలు గుండు వాడేవి, వంద మీటర్లు దాటితే వాటిలో పస ఉండదు. జర్మన్లు ఈ రెండిటి మధ్యలో ఒక పొట్టి తూటా చేసి, దానికి ముప్పై గుళ్ల మ్యాగజైన్ పెట్టి, ఒక్కొక్కటిగానూ వరసగానూ పేల్చేలా ఒక రైఫిల్ కట్టారు. 1944లో దానికి పెట్టిన పేరు స్టుర్మ్‌గెవేర్, ఇంగ్లీషు పేరు దాన్నుంచే వచ్చింది. మిఖాయిల్ కలష్నికోవ్ ఏకే 1947లో తయారై 1949లో సోవియట్ సైన్యంలోకి వెళ్లింది. ఆయన ఆలోచన చాలా సూటిగా ఉంటుంది: లోపలి భాగాల మధ్య సందు కాస్త ఎక్కువ వదలాలి, కదిలే ముక్క బరువుగా ఉండాలి, బురద పడినా తోసుకుపోవాలి. అమెరికాలో యూజీన్ స్టోనర్ దారి దీనికి పూర్తిగా ఎదురు. తేలికైన అల్యూమినియం ఒళ్లు, చిన్న 5.56 గుండు, బిగువైన అమరిక, మంచి గురి. అదే ఎం16 అయ్యింది, 1994 నుంచి దాని పొట్టి తమ్ముడు ఎం4.

ఎం16 కథ మాత్రం ప్రతి కుర్రాడికీ చెబుతాను, ఎందుకంటే ఇందులో తప్పంతా రైఫిల్‌ది కాదు. 1960ల మధ్యలో వియత్నాంకి వెళ్లిన ఎం16లు కాల్పుల మధ్యలో ఇరుక్కుపోయేవి, ఖాళీ గొట్టం చాంబర్‌లోనే, అంటే తూటా కూర్చునే అరలోనే, ఉండిపోయేది. తూటాలో వాడే మందు రకం మార్చారు, దానితో మసి పెరిగింది. ఆ తేమ దేశంలో తుప్పు పట్టకుండా చాంబర్‌కి క్రోమ్ పూత వేయాల్సింది, వేయలేదు. పైగా ఈ రైఫిల్‌ని పెద్దగా తుడవక్కర్లేదనే మాట పాకిపోయి, తుడిచే సామాను కూడా సరిగా అందలేదు. ఊచ పెట్టి గొట్టం బయటికి తోసుకుంటూ దొరికిపోయి చనిపోయిన సిపాయిలున్నారు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం దీని మీద విచారణే జరిపింది. పూత వేశారు, సామాను ఇచ్చారు, తుడవడం నేర్పారు, అదే రైఫిల్ వంశం ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి "ఫలానా రైఫిల్ జామ్ అవుతుంది" అని ఎవరైనా అంటే ఏ తూటాతో, ఏ వాతావరణంలో, ఎవరు తుడిస్తే అని ఎదురడగండి.

మన దగ్గరికొస్తే, 1962లో చైనా ముందు మన వాళ్లు నిలబడింది బోల్టు లాగి పేల్చే .303తో. ఆ తర్వాత వచ్చింది ఇషాపూర్‌లో చేసిన 1ఏ1 ఎస్‌ఎల్‌ఆర్, 7.62×51, ఇరవై గుళ్లు, పొడుగు, బరువు. దాన్ని చేత్తో పట్టుకున్న పాత జవాన్లకి దాని మీద ఉన్న ప్రేమ ఇంత అంత కాదు. అయితే 1987లో శ్రీలంక వెళ్లిన శాంతి సేన ఆ పొడుగు రైఫిళ్లతో పొదల్లో ఏకేలను ఎదుర్కోవాల్సి వచ్చింది, దగ్గరి కాల్పుల్లో తేడా అక్కడ తెలిసొచ్చింది. ఇన్సాస్ 1990లలో వచ్చింది, పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ రూపకల్పన, 5.56, లోపలి పనితీరు కలష్నికోవ్ దారిలోదే. 1999 కార్గిల్ చలిలో మ్యాగజైన్లు పగలడం, నూనె కళ్లలోకి చిమ్మడం లాంటి ఫిర్యాదులు బయటికొచ్చాయి. అవి నిజమైన లోపాలే, దాచక్కర్లేదు. కానీ "పనికిరాదు" అనేమాట నేను ఒప్పుకోను. ఇన్సాస్‌తో ఫైరింగ్ రేంజ్‌లో మూడు వందల మీటర్ల మీద నా గురి ఏకే కంటే ఎప్పుడూ మెరుగ్గానే ఉండేది. ఖాళీగా నాలుగు కిలోల పైచిలుకు బరువు, అందుకే పేల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను తక్కువ, కొత్త కుర్రాడికి గురి నేర్పడానికి హాయి.

5.56 గురించి ఇంకో మాట బాగా తిరుగుతుంది. శత్రువుని చంపకుండా గాయపరిస్తే అతణ్ని మోయడానికి ఇంకో ఇద్దరు పోతారు కాబట్టి చిన్న గుండు పెట్టారని. నాకూ శిక్షణలో ఇదే చెప్పారు, నేనూ పదేళ్లు ఇదే చెప్పాను, పొరపాటు చెప్పాను. చిన్న గుండు ఎంచుకోవడానికి కారణం ఆ బియ్యం సంచే. అదే బరువుకి రెట్టింపు తూటాలు మోయొచ్చు, తన్ను తక్కువ కాబట్టి రెండో గుండు కూడా గురి మీదే ఉంటుంది.

ఇప్పుడు అసలు ఎంపిక. మన కోరాపుట్, మల్కన్‌గిరి వైపు అడవి తీసుకోండి. వానలు పడ్డాక సాలు చెట్ల కింద పొదలు, వెదురు గుబుర్లు లేచి ముప్పై నలభై అడుగుల అవతల మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఆకు రాలిన ఎండాకాలంలో చూపు కాస్త సాగుతుంది, అయినా రెండు వందల మీటర్లు తిన్నగా కనిపించే చోటు వెతుక్కోవాలి. ఇక్కడ ఐదారు వందల మీటర్లు కొట్టే రైఫిల్ మోయడమంటే ఆ నాలుగు కిలోల ఎనిమిది వందల బియ్యం ఊరికే మోసినట్టే. పొట్టిగా, భుజానికి ఆనించే బట్ మడిచేలా, కొమ్మలకి తట్టుకోకుండా, బురదని తట్టుకునే ఏకే జాతి ఇక్కడ సరైనది. ఆకులు, కొమ్మలు తగిలితే బరువైన గుండు దారి తప్పదని జవాన్లు గట్టిగా నమ్ముతారు. కొమ్మ తగిలితే ఏ గుండైనా తప్పుతుంది, ఆ ఒక్క కారణంతో మాత్రం ఏకేని ఎంచుకోవద్దు.

ఏకే అంటే ఇప్పుడు మన సైన్యంలోకి వస్తున్నది ఏకే-203. 2021 డిసెంబరులో ఒప్పందం, 6,01,427 రైఫిళ్లు, ఉత్తరప్రదేశ్ అమేఠీ దగ్గరి కొర్వాలో భారత్, రష్యా కలిసి పెట్టిన కంపెనీలో తయారీ. 2024 మధ్య నాటికి 35,000 సైన్యానికి చేరాయి. పాత ఏకే మీద దీని లాభం ఎక్కడంటే, పైమూత గట్టిగా బిగిసి ఉండి దాని మీదే చూపు పరికరాలు పెట్టుకునే రైలు అనే గాడి పట్టీ ఉంటుంది, పాతదాంట్లో పైమూత కదులుతుంది కాబట్టి దాని మీద ఏం పెట్టినా గురి నిలిచేది కాదు. బట్ మడవొచ్చు, పొడవు మార్చుకోవచ్చు. బరువు 3.8 కిలోలు. అమ్మకం కాగితాల్లో 800 మీటర్లు అని కనిపిస్తుంది, మన రక్షణ శాఖ ప్రకటనలో మాత్రం పనికొచ్చే దూరం 300 మీటర్లు అనే ఉంది. ఆ మూడు వందలనే నమ్మండి. నిమిషానికి ఆరేడు వందల గుళ్లు అనే అంకె చూసి కూడా మురిసిపోవద్దు, ముప్పై గుళ్ల మ్యాగజైన్ మూడు సెకన్లలో ఖాళీ అవుతుందని దాని అర్థం, అంతే.

ఏకేలో నాకు నచ్చనిది ఒకటుంది. కుడి పక్కన ఉండే పొడుగు సేఫ్టీ రేకు. దించితే టక్‌మని మోగుతుంది, రాత్రి నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో పొంచి కూర్చున్నవాడికే తెలుసు, అందుకే బొటనవేలితో బయటికి లాగి పట్టుకుని మెల్లగా దించడం నేర్పేవాళ్లు. పైగా అది కిందికి దిగితే వెనకాల సన్నటి సందు తెరుచుకుంటుంది. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మల్కన్‌గిరి వైపు వానాకాలంలో మూడు రోజుల గస్తీ తిరిగి వచ్చాం. ఏకే కదా ఏమీ కాదని రోజూ తుడవాల్సింది తుడవలేదు, ఒక వాగు దాటేటప్పుడు జారి పడ్డప్పుడు రేకు దిగి ఉందని కూడా చూసుకోలేదు. క్యాంపుకొచ్చాక ఖాళీ చేసి చూపిస్తుంటే బోల్టు సగంలో ఆగిపోయింది. ఉస్తాద్ ఏమీ అనలేదు. పైమూత తీసి నా ముందు పెట్టాడు. స్ప్రింగు చుట్టల మధ్య ఎర్ర మట్టి, కుంకుమ పేస్టులా. పుల్‌త్రూ అనే తుడిచే తాడుకి చిందీ గుడ్డ కట్టి బ్యారెల్‌లోంచి లాగితే తొమ్మిదో గుడ్డ దాకా ఎరుపే. ఆ మూడు రోజుల్లో కాల్పులు జరగలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఏకే బురదని క్షమిస్తుంది అంటారు, ఎక్కువ క్షమిస్తుంది, అన్నీ క్షమించదు.

కొండలు, మంచు, నియంత్రణ రేఖ అయితే లెక్క మొత్తం తిరగబడుతుంది. లోయ ఇవతల మీరు, అవతల వాళ్లు, మధ్యలో ఐదు వందల మీటర్ల గాలి. అక్కడ 7.62×51 కావాలి. 2019లో అమెరికా సిగ్ కంపెనీ నుంచి 72,400 సిగ్ 716లు కొన్నారు, 2024లో ఇంకో 73,000 కొన్నారు. ఇరవై గుళ్ల మ్యాగజైన్, గట్టి తన్ను, బరువు తూటా. అక్కడ అవసరం కాబట్టి ఆ బరువు మోస్తారు. ఇంత తన్నున్న తూటాని వరసగా పేల్చితే మాత్రం మొదటి గుండు తర్వాత మిగతావి ఆకాశానికే, ఒక్కొక్కటిగా కొట్టడానికే అది. 2024 జనవరిలో మన పుణె సంస్థ, హైదరాబాద్‌కి చెందిన ద్వీపా ఆర్మర్ కలిసి చూపించిన ఉగ్రం కూడా ఇదే తూటా, నాలుగు కిలోల లోపు బరువు. తెలుగు నేల మీది కంపెనీ అని మనకి ముచ్చట ఉంటుంది, నాకూ ఉంది, కానీ రైఫిల్ సంగతి చూపించిన రోజున తెలియదు, వేల గుళ్లు పేల్చి, చలిలో, ఇసుకలో, నీళ్లలో పెట్టి చూసిన తర్వాతే తెలుస్తుంది.

ఇళ్ల మధ్య, గదుల్లో, బండి దిగీ దిగగానే పని పడే చోట్ల కార్బైన్ అనే పొట్టి రైఫిలే నయం, 5.56లో. సైన్యం కొంటున్న కొత్త కార్బైన్లు నాలుగు లక్షల పైచిలుకు, అవీ 5.56వే. సీఆర్‌పీఎఫ్ కోబ్రా దళాల దగ్గర కనిపించే ఇజ్రాయెల్ ఎక్స్-95 ఇంకో రకం, మ్యాగజైన్ ట్రిగ్గర్ వెనక్కి పోతుంది కాబట్టి బ్యారెల్ తగ్గించకుండానే మొత్తం పొడవు తగ్గుతుంది. చేతిలో చాలా బాగా కూర్చుంటుంది. ఇబ్బంది ఏమిటంటే మ్యాగజైన్ మార్చడం చంక కింద జరుగుతుంది, పడుకుని మార్చాలంటే చిరాకు, ఎడమచేతి వాటం వాడికి మార్పులు చేయించుకోవాలి. ఫ్రాన్స్ ఇదే ఆకారంలో ఉన్న తన ఫామాస్ వదిలి మామూలు అమరికలోని హెచ్‌కే416కి వెళ్లింది, చైనా కూడా అలాంటిదే అయిన క్యూబీజెడ్-95 పక్కన పెట్టి 2019 కవాతులో మామూలు అమరికలోని క్యూబీజెడ్-191 చూపించింది. పెద్ద సైన్యాలు ఆ ఆకారం నుంచి వెనక్కి వస్తున్నాయంటే ఆలోచించాల్సిన విషయమే.

కారిడార్‌లోనూ, గేటు దగ్గరా కాపలాకి ఇన్సాస్ చాలు. దాని మీద ఇంత చర్చ అవసరం లేదు.

సరఫరా అన్నాను కదా. మా ప్రాంతంలో ఎవరూ మర్చిపోని రోజు 2004 ఫిబ్రవరి 6, మావోయిస్టులు కోరాపుట్ జిల్లా ఆయుధాగారం మీద పడి తుపాకులు ఎత్తుకెళ్లిన రాత్రి. తుపాకీ ఎత్తుకెళ్లొచ్చు, కానీ తూటాలు అయిపోయిన రోజున అది ఇనుప కడ్డీ. ఇప్పుడు మన దగ్గర 5.56, 7.62×39, 7.62×51 మూడూ పక్కపక్కనే నడుస్తున్నాయి. పక్కవాడి మ్యాగజైన్ అందుకుని పేల్చుకోగలిగితేనే ఒక జట్టు, మూడు రకాల తూటాలుంటే ఒకరి దగ్గర మిగిలినవి ఇంకొకరికి పనికిరావు. దేశం మొత్తానికి ఒకే తూటా కుదరదు, లద్దాఖ్ వేరు, మల్కన్‌గిరి వేరు. కానీ బలగంలోని ఒక కంపెనీలో, ఒక గస్తీలో, దూరం కొట్టే ఒకరిద్దరిని మినహాయిస్తే, రకాలు కలపకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇంకొకటి చెప్పకుండా ముందుకి పోలేను. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ వాళ్ల పడవ మీద కొండపై నుంచి కాల్పులు జరిగి 38 మంది పోయారు. ఆ పడవలో ఉన్నవాళ్ల చేతుల్లో దేశంలోకెల్లా మంచి శిక్షణ ఉంది. చుట్టూ నీళ్లు, పైన కొండ, దాక్కునే చోటు లేదు. అక్కడ ఏ రైఫిల్ ఉంటే బాగుండేదని ఈ మధ్య ఒక కుర్రాడు అడిగాడు. రైఫిల్ మార్చి తప్పించగలిగేది కాదు నాయనా, దారి మార్చితే తప్పేది. 2018లో గురుప్రియ వంతెన వచ్చాక చిత్రకొండ అవతలి ఊళ్లకి పడవ లేకుండానే వెళ్తున్నారు.

ఇక రాబోయే రైఫిల్. అమెరికా 2022 ఏప్రిల్‌లో కొత్త దారి పట్టింది, సిగ్ కంపెనీ చేసిన ఎం7, తూటా 6.8×51. ఎదుటివాడి ఒంటి మీద బుల్లెట్‌ప్రూఫ్ పలకలు గట్టిపడ్డాయి, దూరం నుంచే వాటిని దాటాలి అని వాళ్ల వాదన. దానికోసం అడుగు ఉక్కు, పైన ఇత్తడి కలిపిన గొట్టం చేసి లోపల ఒత్తిడి పెంచారు. కానీ మళ్లీ అదే బియ్యం సంచి. ఎం4తో ఒక సిపాయి 210 గుళ్లు మోసేవాడు, ఎం7తో 140. సైలెన్సర్‌తో కలిపి రైఫిలే నాలుగున్నర కిలోల దగ్గర. ఈ బరువు మీద ఆ సైన్యంలోనే గట్టిగా చర్చ నడుస్తోంది. చైనా మాత్రం తన 5.8 తూటాతోనే ఉంది, రష్యా 2018లో తీసుకున్న ఏకే-12 కూడా చిన్న 5.45 గుండుదే. నా అంచనా అడిగితే, ఎం7 దారి అమెరికా కాలినడక దళాల్లో కొన్నిటికి సరిపోతుంది, మనం దాని వెంట పరిగెత్తక్కర్లేదు. మన దగ్గర దూరపు తూటా ఇప్పటికే ఉంది.

తూటా బరువు తగ్గించే ప్రయత్నాలు మాత్రం కళ్లు తెరుచుకుని చూడాల్సినవి. జర్మనీ ఒకప్పుడు జీ11 అని అసలు గొట్టమే లేని తూటాతో రైఫిల్ చేసింది, మందు దిమ్మలోనే గుండు. వేడికి దానంతట అదే పేలిపోయే సమస్య మీద ఏళ్లు కుస్తీ పట్టి చివరికి నిలబెట్టారు, అంతలో జర్మనీ రెండు ముక్కలూ కలిసిపోయి డబ్బు వేరే వాటికి పోయింది. ఇప్పుడు ఇత్తడికి బదులు ప్లాస్టిక్ గొట్టాల మీద పని జరుగుతోంది. అది వర్షానికి, ఎండకి, మెషిన్‌గన్ వేడికి నిలబడిందంటే గుణుపురం కుర్రాడి నడుము బతుకుతుంది.

అంతకంటే పెద్ద మార్పు రైఫిల్ పైన పెట్టేదాంట్లో వస్తోంది. దూరం కొలిచి, గాలి, కోణం లెక్కేసి ఎక్కడ గురి పెట్టాలో కంటి ముందు చుక్క చూపించే అద్దాలు ఎం7తో పాటే ఇస్తున్నారు. ఇజ్రాయెల్ స్మాష్ పరికరం ఇంకో అడుగు ముందుకెళ్లి, ట్రిగ్గర్ నొక్కినా గురి కుదిరేదాకా గుండు వదలదు, డ్రోన్లను కొట్టడానికి మన నౌకాదళం కూడా దాన్ని తీసుకుంది. మామూలు రైఫిల్‌తో ఎగిరే చిన్న డ్రోన్‌ని కొట్టడం ఎంత కష్టమో ఒకసారి గాలిపటం దారాన్ని రాయితో కొట్టి చూడండి. 2025 అక్టోబరులో మన రక్షణ శాఖ 7.62×51 రైఫిళ్లకి రాత్రి చూపు పరికరాల కోసం 659 కోట్లకి ఒప్పందం చేసుకుంది. ఈ వార్త చిన్న అక్షరాల్లో వచ్చింది, నాకు మాత్రం కొత్త రైఫిల్ వార్త కంటే ఇదే పెద్దదిగా అనిపించింది. నా ఉద్యోగంలో సగం రాత్రుళ్లు చెవులతోనే కాపలా కాశాను. ఎవరైనా నాకు ఒక డబ్బు మూట ఇచ్చి కొత్త రైఫిల్ కొంటావా, ఉన్న రైఫిల్‌కి మంచి రాత్రి చూపు, ఇంకో వెయ్యి గుళ్ల ప్రాక్టీసు కొంటావా అంటే, రెండోదే.

కాబట్టి మా పిల్లలకి నా జవాబు ఇది. ఈ చుట్టుపక్కల అడవికి ఏకే-203, ముప్పై గుళ్ల మ్యాగజైన్లు, పైన ఎర్ర చుక్కతో గురి చూపే చిన్న రెడ్‌డాట్ అద్దం, రాత్రికి చూపు పరికరం. ఒక గస్తీలో దూరం కొట్టేవాడు ఒక్కడో ఇద్దరో ఉంటే వాళ్లకి మాత్రం 7.62×51. హద్దు కొండల మీదికి పోస్టింగ్ పడితే సిగ్ 716, ఒక్కొక్క గుండుగా. ఊళ్లో, గదుల్లో 5.56 కార్బైన్. చేతికి ఇన్సాస్ ఇచ్చారని ముఖం మాడ్చుకోవద్దు, దానితో మూడు వందల మీటర్ల గురి నేర్చుకుంటే ఏది ఇచ్చినా ఆ గురి మీతోనే వస్తుంది.

బియ్యం సంచులు ఇంకా మా వరండాలోనే ఉన్నాయి, నేను వాటిని వండనివ్వడం లేదని మా ఆవిడ గొణుగుతోంది. వచ్చే ఆదివారం మళ్లీ కొండ ఎక్కిస్తాను. ఈసారి తేలిక సంచి గుణుపురం కుర్రాడికి, అందులో అరకిలో అదనంగా వేసి, అది చూపు పరికరం, బ్యాటరీల బరువని చెప్పి.